ఒకే ఒక కణం మందం

మా ఆయనకు ఈ లోకంలో ఉన్నవన్నీ గొట్టాలే. నీళ్ల సరఫరా శాఖలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషికి ఇంకేం కనిపిస్తాయిలే అని మీరు సరిపెట్టుకోవచ్చు, నేనూ చాలాకాలం అలాగే సరిపెట్టుకున్నాను. కానీ పెళ్లయిన కొత్తలో సముద్రం చూపిస్తానని తీసుకెళ్లి, అలలకు వీపు పెట్టి నిలబడి, గట్టు మీది మురుగుకాలువ వాలు తప్పుగా ఉందని అరగంట బాధపడ్డ మనిషిని ఏమనాలి? ఏనుగును చూపిస్తే తొండం వ్యాసం అంచనా కడతారు. మా అమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడు స్కానింగు తెరమీద బొడ్డుతాడు చూసి, తండ్రులందరూ కళ్లనీళ్లు పెట్టుకునే చోట, "సప్లై లైను బాగుంది" అన్నారు. ఇప్పుడు ఆసుపత్రిలో నా ఎదుటి తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది. దాని వెనకాల బల్ల మీద ఆయన పడుకుని ఉన్నారు. మణికట్టు దగ్గర పొడిచి గుండె దాకా సన్నటి గొట్టం ఎక్కిస్తున్నారు. మత్తు చేతికి మాత్రమే ఇస్తారట, నోరు మామూలుగానే పనిచేస్తుందట. కాబట్టి ఆ గొట్టం సైజెంత, ఏ కంపెనీది, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది అని అడుగుతూనే ఉంటారు, నాకు తెలుసు, అడక్కపోతే ఆయన మా ఆయనే కాదు. అడగాలి. దేవుడా, ఆయన అడుగుతూనే ఉండాలి.

గంట పడుతుందన్నాడు డాక్టరు. గోడ గడియారం పదకొండూ పది దగ్గర ఉంది, కాసేపటి కిందట చూసినప్పుడూ పదకొండూ పదే, అది ఆగిపోయిందా నేను ఆగిపోయానా తెలియడం లేదు. కుర్చీలన్నీ వరసగా ఒకే ఇనపకమ్మీకి బిగించారు, ఎవరు కాలు కదిపినా వరసంతా కదులుతుంది. పక్కన మా వదిన, అంటే ఆయన అక్కగారు, పొద్దున ఫోను అందగానే వేసుకున్న చెప్పులు ఒకటి తనది ఒకటి ఎవరిదో అన్నట్టు వచ్చి కూచుంది, కాలాడిస్తోంది, కాబట్టి నేనూ ఊగుతున్నాను. "ముప్పై ఆరు రోజుల కిందట వేసిన స్టెంటే గడ్డకట్టి మూసుకుపోయింది" అన్నాడు డాక్టరు లోపలికి వెళ్లేముందు. "మాత్రలు ఒక్కరోజైనా మానేశారా?" అని అడిగాడు, ఆయన్ని కాదు, నన్ను. లేదండీ, నేనే వారానికొకసారి గడుల డబ్బాలో సర్దుతాను, రోజూ సాయంత్రం గడి ఖాళీ అయిందో లేదో చూస్తాను, అన్నాను. "అయితే ఈ మందు ఆయనకి పనిచెయ్యట్లేదన్నమాట. ఇంకా గట్టిది మొదలుపెట్టాలి" అని తనలో తనే గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పాలు పొంగిపోతే ఇంట్లోవాళ్లు చూసే చూపు అది. పొయ్యి ఎవరు వెలిగించారన్నది ఎవరికీ పట్టదు.

వదిన అందుకుంది. "నీ నూనెలే అమ్మాయ్. నేను ఎన్నిసార్లు చెప్పాను? వాడు చిన్నప్పుడు ఎంత సన్నగా ఉండేవాడో తెలుసా, గాలొస్తే పట్టుకోవాల్సొచ్చేది." ఆ గాలి ఎప్పుడొచ్చిందో, ఈవిడ ఎప్పుడు పట్టుకుందో. చేసిన వంట ఇరవయ్యెనిమిదేళ్లు తిన్నదీ వాళ్లే, పండగలకీ పబ్బాలకీ గిన్నెల్లో కట్టించుకుని వెళ్లిందీ వాళ్లే, గుండె నొప్పి వచ్చేసరికి నూనె మాత్రం నాదొక్కదానిదీ అయింది. ఆయన తాగే పొగ, గంటలకొద్దీ కదలకుండా కూచునే కుర్చీ, ఆయన దాచుకుని తినే మిఠాయి, ఆఫీసులో పై అధికారితో ఆయన పెంచుకునే బీపీ, ఇవన్నీ ఎవరి ఖాతాలో పడ్డాయో! అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నేను ఆ దుత్తను. పైకి అనకపోవడం నా అలవాటు, అనాల్సినవన్నీ లోపల పేరబెట్టుకోవడం కూడా.

ఇదే ఆసుపత్రిలో, ముప్పై ఆరు రోజుల కిందట, మొదటిసారి స్టెంటు వేసి ఇంటికి పంపే రోజు, ఇదే డాక్టరు తెల్లకాగితం మీద పక్కపక్కన రెండు గీతలు గీశాడు. "ఇది రక్తనాళం. గొట్టం అనుకోండి" అన్నాడు. అనుకోవడమట! ఎవరితో అంటున్నాడో ఆ పిల్లవాడికేం తెలుసు. మా ఆయన నిటారుగా లేచి కూచున్నారు. "లోపల ఇలా కొవ్వు పేరుకుంది" అన్నాడు డాక్టరు. "పూడిక" అన్నారు ఈయన. "అదే, పూడిక. బెలూనుతో పక్కలకి నొక్కి, జాలీలాంటి లోహం చుట్ట పెట్టాం." "రీలైనింగు చేశారన్నమాట, పాత గొట్టానికి లోపల కొత్త పూత!" ఇద్దరూ చాలా ఏళ్లకు కలిసిన బావామరుదుల్లా నవ్వుకున్నారు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ నేను అడిగాను, ఆ లోహం మీదకు నాళం లోపలి పొర ఎండోథీలియం కణాలు పాకి కప్పెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుందండీ అని. గదిలో కుర్చీ మాట్లాడినట్టు ఇద్దరూ తిరిగి చూశారు. డాక్టరు మా ఆయన్నే చూస్తూ, "మేడంగారు ఇంటర్నెట్టు బాగా చూస్తారనుకుంటా" అన్నాడు. ఈయన, "బీయస్సీ జువాలజీ, ఫస్టు క్లాసు" అన్నారు, అటకమీద ఇత్తడి గంగాళం ఒకటి ఉంది, వాడటం లేదు అన్నట్టు. నా ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో ఆ రోజు ఆ ఒక్క జవాబు చెప్పి ఉంటే ఈ రోజు ఈ కమ్మీ మీద ఇలా ఊగుతూ ఉండేదాన్ని కాదు. ఒక్క వాక్యం. ఒక్క వాక్యానికి కూడా నేను తగలేదు.

కాలేజీలో మాకు కణజాలాలు చెప్పే ఆవిణ్ని స్లైడ్ల మేడం అనేవాళ్లం. పొట్టి మనిషి, స్టూలెక్కితేగాని సూక్ష్మదర్శినిలోకి కన్ను అందేది కాదు, కానీ స్టూలు మీంచే అందరినీ వణికించేది. రక్తనాళం లోపలి పొర గురించి రాయమంటే నేను "నాళాల లోపల ఉండే సన్నటి పొర మాత్రమే" అని రాశాను. ఆ "మాత్రమే" అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టి, పేపరు నా ముందు పెట్టి, "ఈ మాట నీకెవరు చెప్పారు?" అంది. పుస్తకంలోనే ఉంది మేడం అన్నాను. "పుస్తకం రాసినవాడు దాన్ని చూడలేదు. నువ్వు రా." ధమని ముక్కను నిలువునా కోసి, పరిచి, వెండి ఉప్పు రంగు పట్టించిన స్లైడు అది. కన్ను పెట్టాను. అంతవరకూ ఉట్టి మసక. మరలు కొద్దిగా తిప్పేసరికి, సన్నటి నల్లటి గీతలు, గీతకూ గీతకూ మధ్య ఒక్కొక్క కణం, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎక్కడా సందు లేకుండా, అన్నీ ఒకే దిక్కుకు పొడుగ్గా సాగి, ఏట్లో ఎదురీదే చేపల గుంపులా. "అవి అటే ఎందుకు తిరిగాయో చెప్పు" అంది వెనకనుంచి. తెలియదు మేడం. "రక్తం అటు పారింది కాబట్టి. పారుతున్నది వాటికి తెలుస్తుంది కాబట్టి. గొట్టానికి తెలుస్తుందా?"

గొట్టానికి తెలియదు. అదీ నేను ఇరవయ్యెనిమిదేళ్లుగా చెబుతున్న సంగతి. ఆ లోపలి పొర ఒకే ఒక కణం మందం, అంతకన్నా పలచన కావడానికి వీల్లేదు, ఒళ్లంతటిదీ ఒలిచి తూస్తే కిలో దగ్గర ఉంటుందట, ఆ కిలోతో ఎంత సంసారం! రక్తం జోరుగా వస్తే ఒరిపిడి తెలుసుకుని, వెనక ఉన్న కండరానికి వదులవమని చెబుతుంది. చెప్పడానికి ఒక వాయువు పుట్టిస్తుంది, అది కొద్ది క్షణాలే బతుకుతుంది, చెప్పాల్సింది చెప్పి మాయమవుతుంది. ఎవరిని గోడ దాటి లోపలికి రానివ్వాలి, ఎవరిని వాకిట్లోంచే పంపెయ్యాలి అన్నది దానిదే నిర్ణయం. రోజంతా తనను రాసుకుంటూ పోయే రక్తం గడ్డకట్టకుండా చూసేదీ అదే, ఎక్కడైనా తెగితే గడ్డకట్టమని పిలిచేదీ అదే. మలుపుల్లో, చీలికల దగ్గర, రక్తం సుడి తిరిగే చోట, పాపం దిక్కు తెలియక దాని వరస చెదురుతుంది, కొవ్వు చేరేది అక్కడే. ఈ మాట చెబితే ఆయన సంబరపడిపోయారు ఒకసారి, "మా లైన్లలోనూ అంతే, మలుపుల దగ్గరే పూడిక!" అని. అంతవరకే విన్నారు. మన పనికొచ్చిన సగం వినడం ఒక కళ. ఇందాక కింద కౌంటరు దగ్గర కాగితాలు నింపుతూ గుమాస్తా, "మీరేం చేస్తారు మేడం?" అన్నాడు. ఇంట్లో ఉంటాను అన్నాను. "అంటే ఏమీ లేదు కదా" అని ఆ గడిలో అడ్డంగా గీత గీసేశాడు. ఆయన చెమటలు కక్కుతూ చక్రాల కుర్చీలో ఉన్నారు, లేకపోతే స్లైడ్ల మేడం ఎర్రసిరా అప్పు తెచ్చుకుని ఆ గీత చుట్టూ గుండ్రంగా చుట్టి ఉండేదాన్ని.

డాక్టరు చెప్పకపోతే పోనీ, నేను చెప్పాను. గ్రంథాలయంలో వారం కూచుని, కొత్తగా వచ్చినవి చదివి, ఇంటికొచ్చి, అన్నం దగ్గర చెప్పాను. బెలూను ఊదినప్పుడు ఆ చోట లోపొర చిరిగిపోతుందండీ, పెట్టిన లోహం ఉత్తగా ఉంటుంది, రక్తానికి అది పరాయిది, కనిపిస్తే ప్లేట్‌లెట్లు వచ్చి అంటుకుంటాయి, చుట్టుపక్కల కణాలు నెమ్మదిగా పాకి దాన్ని కప్పడానికి నెలలు పడుతుంది, అందాకా రక్తం గడ్డకట్టనివ్వని ఆ గులాబీరంగు మాత్రే కాపలా. ఆయన ముద్ద నములుతూ విన్నారు. "మేం లైనింగు చేశాక ఒక్క రోజు నీళ్లొదిలి కడిగేస్తాం. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాని మొహం చూడం" అన్నారు. అది సిమెంటండీ. "ఇది స్టీలు. ఇంకా గట్టిది." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయిదు రోజులు గడిచాక గడ్డం గీసుకుంటూ గాటు పడింది, రక్తం ఎంతకీ ఆగలేదు. చేతుల మీద ఎక్కడ తగిలినా నీలం మచ్చలు. ఆ మాత్రలతో వచ్చిన కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పంపు మాన్యువల్ చదివినట్టు మొత్తం చదివారు. "చూశావా, వీళ్లే రాశారు, లీకేజీ అవుతుందని!" అన్నారు. లీకేజీ. గడ్డం దగ్గర దూది పెట్టుకుని, నా మీద గెలిచిన మొహంతో. ఆ మాత్రం కారడం మంచిదేనండీ అని నేను అంటూనే ఉన్నాను, ఆయన ఆఫీసుకు వెళ్లిపోయారు. అయినా మర్నాడు చూస్తే గడి ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. మాట వినకపోయినా మందు వింటున్నారులే అనుకున్నాను. మొహం మీద గెలిచి పెరట్లో ఓడిపోయే మగవాళ్లను చూసిన అలవాటు.

వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. సూదిపోట్లతో గరుకెక్కిన బొటనవేలు, నలభై ఏళ్లు కోట్లు కుట్టి తమ్ముణ్ని చదివించిన చెయ్యి. "లోపలి పొర పొర అంటూ ఉంటావటగా, వాడు చెప్పాడు నవ్వుతూ. ఏంటది, కోటుకి లైనింగులాగానా?" అంది. వదిన నన్ను ప్రశ్న అడగడం ఇదే మొదలు, భయం మనిషిని ఎంత మర్యాదస్తుణ్ని చేస్తుంది! అలాంటిదే వదినా, కాకపోతే బతికున్న లైనింగు, చిరిగితే తనే కుట్టుకుంటుంది, కాకపోతే టైము ఇవ్వాలి, అన్నాను. "లైనింగు సరిగ్గా లేకపోతే పైబట్ట ఎంత ఖరీదైనదైనా మూడు నెలల్లో జారిపోతుంది. ఎవరికీ కనపడదు గానీ కష్టమంతా దానిదే" అంది ఆవిడ. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే ఇద్దరం స్నేహితులమైపోయేవాళ్లం. అంతలో ఆవిడే, "అయినా నువ్వు నూనె తగ్గించాలి" అంది.

తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. పొద్దున హడావిడిలో ఊడదీసినవన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసి నా ఒళ్లో పెట్టింది. చొక్కా, వాచీ, బెల్టు, తాళాలు, ఒక కాలి మేజోడు. రెండోది ఇంట్లోనే ఉండిపోయింది, షూ చేతిలో పట్టుకుని అలాగే కూలబడ్డారు కదా. చొక్కా ఇంకా చెమటకు తడిగా ఉంది, ఆయన వాసన, ఇస్త్రీ వాసన. ఎలా ఉన్నారు సిస్టర్, అంటే "చేస్తున్నారమ్మా" అంది, అది ఎవరికైనా చెప్పే జవాబు. కళ్లద్దాలు విడిగా నా చేతికిచ్చింది. బయటికి రాగానే అడుగుతారు, అవి లేకుండా ఆయనకు గోడ కూడా కనపడదు, గీతలు పడకుండా పెట్టెలో పెడదామని చొక్కా జేబులోంచి కళ్లద్దాల పెట్టె తీశాను. అది గలగలలాడింది.

తెరిస్తే, గులాబీరంగు మాత్రలు. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఇరవై మూడు. రెండు కింద పడితే ఏరుకుని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఇరవై మూడే. మిగతా మాత్రలన్నీ వేసుకుని ఇదొక్కటీ గడిలోంచి ఏరి దాచారు. పారెయ్యలేదు. ఎందుకు పారేస్తారు, పని అయ్యాక మిగిలిన సామాను స్టోరుకు తిరిగి అప్పగించే మనిషి! ఏదో ఒకరోజు, కోర్సు పూర్తయ్యాక, ఈ పెట్టె నా ముందు పెట్టి, చూశావా, ఇవేవీ లేకుండానే లైను నడిచింది అనాలని. నాకు ఆ దృశ్యం, ఆ మొహం, ఆ చెయ్యి విదిలించడం, అన్నీ కనపడ్డాయి. ఇరవై మూడు సాయంత్రాలు నేను ఆ డబ్బా మూత ఎత్తి, ఖాళీ గడి చూసి, నిశ్చింతగా మూసేశాను. ఇరవై మూడు రోజులు నా కాపలాదారుల్ని కళ్లద్దాల పెట్టెలో పడుకోబెట్టి, చొక్కా జేబులో, ఆ గుండెకు బెత్తెడు దూరంలో పెట్టుకుని తిరిగారు! కోపం ఎంత వచ్చిందంటే ఏడుపు రాలేదు. చంపెయ్యాలన్నంత కోపం, బతికితేనే గదా ఆ ముచ్చట తీర్చుకోవడం, బతకండి ముందు, బతికి రండి, అప్పుడు చెబుతాను మీ సంగతి.

అప్పుడు గుర్తొచ్చింది డాక్టరు గొణుగుడు. మందు పనిచెయ్యట్లేదు, ఇంకా గట్టిది మొదలుపెట్టాలి. పనిచెయ్యకపోవడం కాదు, దాన్ని పనిలోకే రానివ్వలేదు. గట్టిదిస్తే ఇంకెక్కడ రక్తం కారుతుందో. నేను లేచాను. వదిన పెట్టెలోకి చూసింది. కొంగల్లే మెడ చాచి చూసిన మనిషి అంతలోనే కుదించుకుపోయింది. నా మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడొద్దమ్మా" అంది గొంతు తగ్గించి. "వాడు బయటికి రానీ. పెద్ద ఇంజనీరు, పదిమందిలో పరువు పోతుంది. ఎవరైనా అడిగితే… నువ్వే మర్చిపోయి పెట్టలేదని చెప్పు. ఆడదానివి, పనుల్లో పడి మర్చిపోయావంటే ఎవరూ ఏమనుకోరు."

ఎవరూ ఏమనుకోరు. నిజమే, ఎవరూ ఏమనుకోరు, అదే కదా ఇన్నేళ్లూ జరిగింది. ఉప్పెక్కువైతే నేను, పిల్లకు మార్కులు తగ్గితే నేను, వాన వచ్చి బట్టలు తడిస్తే మబ్బు కూడా నన్ను అడిగే వచ్చిందన్నట్టు నేను. మోయడానికి నాకు అలవాటే, అలవాటే కాబట్టి ఇదీ మోసెయ్యమంటోంది, పాపం తమ్ముడి మీద ప్రేమ. కానీ ఇది ఉప్పు కాదు వదినా. లోపల ఆ కుర్రవాడు తప్పు లెక్క పట్టుకుని మందు రాయబోతున్నాడు. "వదినా, పరువు తర్వాత ఉతుక్కోవచ్చు. ముందు మనిషి కావాలి" అన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. ఎర్రలైటు కింద, రాకూడదు అని రాసి ఉన్న తలుపు మీద కొట్టాను. మొదట వేళ్లతో, తర్వాత అరచేత్తో. నర్సు చిరాగ్గా తొంగి చూసింది. ఆమె చేతిలో పెట్టె పెట్టి, డాక్టరుగారికి ఇప్పుడే చూపించండి, ఈయన ఇరవై మూడు రోజులుగా ఈ మాత్ర వేసుకోలేదు, మందు తప్పు కాదు అని చెప్పండి, అన్నాను. ఆమె నన్నూ పెట్టెనూ చూసి, పరుగున లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. వదిన ఈసారి కాలాడించలేదు.

ఎంతసేపో తెలియదు. ముందు డాక్టరు వచ్చాడు, టోపీ తీసేసి, నుదుటి మీద దాని గుర్తు. "గడ్డ తీసేశాం. రక్తం పారుతోంది" అన్నాడు. వదిన కమ్మీ వరసంతా అదిరేలా కుర్చీలో కూలబడింది. "పాత మందే కొనసాగిస్తున్నాం. మీరు ఆ పెట్టె పంపకపోతే గట్టిది రాసేసేవాణ్ని." అంతలో వెనకనుంచి బల్ల దొర్లుకుంటూ వచ్చింది. దానిమీద మా ఆయన, మొహం కాగితంలా, కళ్లద్దాలు లేక ఎవరినీ గుర్తుపట్టని కళ్లు. డాక్టరు ఆయనకేసి వంగి, వేలెత్తి, "సార్, ఆ లోహం మీద లోపొర ఎదగడానికి నెలలు పడుతుంది, అది ఎదిగేదాకా ఆ మాత్రే దిక్కు, తెలిసిందా?" అన్నాడు, అంతా ఇప్పుడే తనే కనిపెట్టినట్టు. తర్వాత మా వైపు తిరిగి, "ఇంట్లో మాత్రలు సర్దేది మీరేనన్నారుగా? కాస్త జాగ్రత్తగా ఉండాలి కదమ్మా" అన్నాడు. వదిన నోరు తెరిచింది. "మా మరదలు పాపం పనుల్లో పడి…"

"అక్కా, ఆగు." బల్ల మీంచి గొంతు, నూతిలోంచి వచ్చినట్టు. కళ్లద్దాలు లేని ఆ కళ్లు నా కోసం వెతుక్కుంటున్నాయి. నేను కళ్లద్దాలు తుడిచి ఆయన మొహానికి పెట్టాను. నన్ను చూశారు. పెదవులు కదిలాయి.

ఏమన్నారో నాకు పూర్తిగా వినపడింది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది. అయినా వంగి, చెవి దగ్గర పెట్టి, "సరిగ్గా వినపళ్లేదండీ. కాస్త గట్టిగా అనండి, డాక్టరుగారు, మీ అక్కయ్యగారు కూడా వింటారు" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. ఊపిరి తీసుకున్నారు. బల్ల తోసే మనిషి కూడా ఆగాడు.

"అది రోజూ మాత్ర పెట్టింది. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. ఎందుకో కూడా చెప్పింది, వినలేదు. నాది తప్పు" అన్నారు.